అయిదున్నర హాజరు

పొద్దున్నే అయిదున్నరకల్లా గడ్డం గీసుకుని, దుప్పటి మీద ముడత లేకుండా పక్క సర్ది, బూట్లు తొడుక్కుని, ఆపైన ఎక్కడికీ వెళ్ళని మనిషిని మీరెవరైనా చూశారా? ఆ ఇంట్లో ఉన్నాడు. సైన్యంలో ముప్ఫై ఏళ్ళు చేసి వచ్చిన తండ్రి. మోకాలి ఆపరేషన్ అయ్యాక నాలుగో అంతస్తులోని కూతురి ఫ్లాటే ఆయనకు లోకమైపోయింది. దానికి తోడు లిఫ్టు పాడై పది రోజులు. బాల్కనీ నుంచి వంటగది గుమ్మం దాకా పదకొండు అడుగులు, మళ్ళీ వెనక్కి పదకొండు. మూడు రోజులుగా ఆ నడకే తప్ప మాట లేదు.

"కాస్త కూర్చోండి మహానుభావా! కింద ఇంటివాళ్ళకి సున్నం రాలుతోంది," అంది తల్లి. "నిన్నంతా కంచం ముందు కూర్చుని లేచిపోయారు. కోపం నా మీదా, వంట మీదా?"

"ఎవరి మీదా కాదు."

"అయితే గోడల మీదన్నమాట. పాపం, అవేం చేశాయో!"

కూతురికి నవ్వొచ్చింది కానీ నవ్వే తీరిక లేదు. భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. సైనికులూ, రిటైరైన వాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేందుకు పెట్టిన యాప్‌లో ఏ బటన్ ఎక్కడుండాలో, ఏది ఎవరికి కనపడాలో తీర్చిదిద్దడం ఆమె ఉద్యోగం. ఈమధ్య అందులో చెత్త పెరిగిపోయిందని ఆమే ఒక ఉపాయం చెప్పింది. రోజూ ఒకే మాట పంపే ఖాతా మనిషిది కాదు, యంత్రానిది, దాన్ని మూసేయాలి. మూడు రోజుల్లో నాలుగు వేల ఖాతాలు మూతపడ్డాయి. మేనేజరు భుజం తట్టాడు. తొమ్మిదింటికి ఆ ఘనకార్యమే కంపెనీ పెద్దలందరికీ వివరించాలి.

"నాన్నా, ఫోనెందుకలా బోర్లా పడేశావు? పాడైందా?"

"ఫోను బాగానే ఉంది. మేమే పనికిరాకుండా పోయాం."

"మేమంటే ఎవరు?"

ఆయన ఫోను తిప్పి బల్ల మీద పెట్టాడు. తెర మీద కూతురు రాసిన వాక్యమే కనపడింది. *ఈ ఖాతా మనిషిది కాదని అనుమానిస్తున్నాం.*

"నువ్వెప్పుడు చేరావు ఇందులో? ఇలాంటివి పనిలేని వాళ్ళకనేవాడివిగా!"

"ఇప్పుడు నాకున్న పనేమిటి?"

ఆమె ఫోను దగ్గరికి లాక్కుని ఆ వాక్యాన్ని మళ్ళీ చదివింది.

"ఇరవై ఆరు మందిమి," అన్నాడాయన. "రెండేళ్ళుగా రోజూ అయిదున్నరకి హాజరు వేసుకుంటాం. ఒక్కొక్కడూ 'హాజరు' అని కొడతాడు. అంతే. ఆ ఒక్క మాట కొట్టడమే మా నేరం."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, సరిగ్గా అదే చేసింది తను. ఆ తత్తరపాటు కోపంగా మారి నోట్లోంచి వచ్చింది. "మొదటిరోజే నాకు చెప్పొచ్చుగా! ఒకే ఇంట్లో ఉన్నాం!"

"కూతురు లోపలుంది కదా అని వరస తప్పి ముందుకెళ్ళమంటావా? అందరిలాగే ఫారం నింపాను. వారం పడుతుందట."

"ఏం పట్టుదల నాన్నా ఇది!"

"పట్టుదలే. ఆ పట్టుదలకి గరిటె బలైపోతాడేమోనని చస్తున్నాను!" అని అరిచాడాయన. అరిచినవాడే చటుక్కున కుర్చీలో కూలబడ్డాడు.

గరిటె అని పిలిచేది వాళ్ళ దళంలోని వంటవాణ్ణి. బాంబు పేలుడికి చెవులు పోయాయి. భార్య పోయింది. ఎక్కడో ఒంటరిగా ఉంటాడు. "రెండేళ్ళ క్రితం ఒకరోజు, ఇంకెందుకు బతకాలి అని రాశాడమ్మా. ఏం చెప్పాలో మాకెవరికీ తెలియలేదు. ఆర్డరేశాను. రేపు అయిదున్నరకి హాజరు చెప్పాకే ఏదైనా చేసుకో అని. మర్నాడు చెప్పాడు. మళ్ళీ అదే ఆర్డరు. అలా రోజుకో రోజు లాక్కొచ్చాం."

తల్లి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నంబరు లేదుటండీ?"

"ఎలా ఉంటుంది? శత్రువులకి చిక్కకూడదని నంబర్లూ అడ్రసులూ కనపడకుండా కట్టుదిట్టం చేసింది నీ కూతురేగా."

కూతురు మేనేజరుకి ఫోన్ చేసింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. "సోమవారం చూద్దాం. ఇవాళ పెద్దల ముందు మంచిపేరు వచ్చేవేళ అది కదపకు. కదిపితే నీ బాధ్యత," అని పెట్టేశాడు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆమె పరిస్థితి. నాలుగు గోడలూ తనే కట్టింది, తలుపు పెట్టడం మరిచింది.

ఫిర్యాదుల పెట్టె తెరిచింది. అది చదివే హక్కు ఆమెకుంది, చదివే తీరికే ఇన్నాళ్ళూ లేకపోయింది. గరిటె అన్న పేరుతో మూడున్నాయి. మొదటి రోజుది: *నేను మనిషినే.* రెండో రోజుది: *తప్పేదైనా జరిగితే చెప్పండి, దిద్దుకుంటాను.* మూడోది ఇవాళ్టిది, సరిగ్గా అయిదున్నరకి: *హాజరు. ఎవరైనా ఉన్నారా?*

తను పెట్టిన నియమం తీసేసి ఖాతాలు తెరిచే బటన్ తన చేతిలోనే ఉంది, అనుమతే లేదు.

"ఉద్యోగం పోతుందేమో, ఆలోచించుకో," అన్నాడు తండ్రి.

"ఆలోచించే ఇంతదాకా తెచ్చాను నాన్నా," అని నొక్కేసింది.

ఆయన 'హాజరు' కొట్టాడు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఈల వచ్చాడు, బంతి వచ్చాడు, మీసం వచ్చాడు. తండ్రి ఒక్కో పేరూ పైకి చదువుతూ వేళ్ళు మడుస్తున్నాడు. తనతో కలిపి ఇరవై ఐదు. అక్కడ ఆగిపోయింది. తల్లి స్టవ్ ఆపేసి వచ్చి నిలబడింది. తొమ్మిదైంది. మేనేజరు ఫోను మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. ఎవరూ దానివంక చూడలేదు.

తొమ్మిదీ పదికి తెర మీద ఒక వాక్యం వచ్చింది. *ఆలస్యానికి మన్నించాలి. కళ్ళజోడు కనపడలేదు. గరిటె హాజరు.*

"దొంగ సచ్చినోడు!" అన్నాడు తండ్రి. అని ఫోను గుండెకి అదుముకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన ఏడవగా కూతురు చూడటం అదే మొదలు. నేల మీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించి తనూ ఏడ్చింది. "నన్ను క్షమించు నాన్నా. నీలాంటి వాళ్ళ కోసమే కట్టాను. నిన్నే అడగలేదు."

సోమవారం వచ్చి సంజాయిషీ ఇమ్మని ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. అది సోమవారం సంగతి.

మర్నాడు అయిదున్నరకి తండ్రి బాల్కనీలో పేర్లు చదువుతుంటే కూతురూ పక్కన కూర్చుంది. గరిటె అందరికంటే ముందే వచ్చేశాడు. ఇరవై ఆరూ పూర్తయ్యాక ఆయన తల తిప్పకుండా, "ఉడతా?" అన్నాడు. ఉత్తరాల్లో తప్ప ఆయన ఎన్నడూ పిలవని చిన్ననాటి ముద్దుపేరు.

"హాజరు నాన్నా."

వంటగదిలోంచి తల్లి గొంతు వినపడింది. "ముప్ఫై ఏళ్ళు మీరు ఎక్కడున్నా నేను ఇంట్లో హాజరుగానే ఉన్నాను. నన్నెవరూ పిలవరేం?"

నవ్వుతూనే అంది కానీ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. తండ్రి ఫోను కూతురి చేతిలో పెట్టి లేచాడు. వంటగది గుమ్మం దాకా పదకొండు అడుగులు నడిచాడు. ఈసారి వెనక్కి తిరగలేదు, లోపలికి వెళ్ళాడు.