మూత లోపలి గీత

భోజనాల బల్ల మీద ఉప్మా తిన్న పళ్ళెం ఇంకా తీయనేలేదు. దాని పక్కనే తెల్ల తువ్వాలు పరిచి, నాన్న వాచీని బోర్లా పడుకోబెట్టి, వెనక మూత ఊడదీసి కూర్చున్నాడు నాగరాజు! అంతవరకూ తన పళ్ళ సందుల్లో తిప్పుకుంటున్న పుల్లతోనే ఆ మూత అంచున పేరుకున్న నల్లటి మకిలిని గీకుతున్నాడు. గీకిన పుల్లను పళ్ళెం అంచుకు తుడుస్తున్నాడు. వంటింటి గుమ్మంలోంచి ఛాయాదేవి అది చూసింది. అది ఉత్త మట్టి కాదు… ఇరవై నాలుగేళ్ళు నాన్న మణికట్టు మీద ఊరిన చెమట, రాలిన చర్మం. నాన్న ఒంట్లోంచి ఈ భూమ్మీద మిగిలింది అదొక్కటే! దాన్ని ఈ మనిషి ఎంగిలి పుల్లతో ఎత్తి ఎంగిలి పళ్ళానికి రాస్తున్నాడు!

"ఏం చేస్తా ఉండారు మీరు?" అంది.

"అరవద్దే, చెయ్యి వణికితే స్క్రూ ఎగిరిపోతుంది," అన్నాడు నాగరాజు కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే. "పదకొండుకు వెనక వీధి అలివేలమ్మ వస్తుంది. బాక్సులో దిల్‌పసంద్ ఉండాది, ముక్కలు కోసి పెట్టు."

దిల్‌పసంద్! తియ్యటి కొబ్బరి కూరిన ఆ బేకరీ రొట్టె వాసన గదంతా ఎందుకు కమ్ముకుందో అప్పుడర్థమైంది. ఆ వాసన ఆమెకు పడదని ఇరవై ఆరేళ్ళ కాపురంలో అతనికి తెలియనిది కాదు. చిన్నప్పుడెప్పుడో పాచి కొబ్బరి తిని వాంతి చేసుకున్నానని, అప్పట్నుంచీ పడదని, పెళ్ళైన కొత్తలోనే చెప్పింది. అతను నవ్వాడు. ఇప్పటికీ తెస్తూనే ఉన్నాడు.

పగలంతా కాటన్‌పేట మెయిన్ రోడ్డులో తువ్వాళ్ళ హోల్‌సేల్ దుకాణం చూసుకునే మనిషికి రెండేళ్ళుగా ఈ పాత వాచీల పిచ్చి పట్టుకుంది. నెలకో ఆదివారం తనలాంటి పదిమందితో ఒక హోటల్లో చేరి, చచ్చిపోయిన వాళ్ళ వాచీలను చేతులు మార్చుకుంటూ, చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటారట! ఒకసారి ఇంటికొచ్చిన ఒకాయన ఎవరిదో పాత తోలుపట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా వాసన చూడటం ఛాయాదేవి కళ్ళారా చూసింది. ఆ రోజు అన్నం సయించలేదు.

కానీ నాన్న వాచీ వేరు. నాన్న ఓబళప్ప ఇదే కాటన్‌పేటలో, మెట్ల కింద చెక్కపెట్టెంత కొట్లో, నలభై ఏళ్ళు వాచీలు బాగుచేశాడు. తక్కిన వాళ్ళు చేతులెత్తేసిన వాచీలు ఆయన దగ్గరికి వచ్చేవి. "దేవుడి చేతులు" అనేవారు జనం. ఆయన సండే బజార్లో పాడైన స్విస్ వాచీ ఒకటి కొని, బాగుచేసుకుని, పోయేదాకా పెట్టుకున్నాడు. పోతూ పోతూ దాన్ని కొడుక్కి కాకుండా కూతురికిచ్చాడు! ఎనిమిదేళ్ళుగా పొద్దున ఆరింటికి దీపం పెట్టాక, ఆమె ఆ వాచీకి కీ తిప్పి, కళ్ళకద్దుకుని, అల్మరాలో పెడుతుంది. మొగుడు విసుక్కున్న ప్రతిసారీ, చెయ్యిజారి గ్లాసు పగిలితే "నీ చేతులు కాలా!" అన్న ప్రతిసారీ, ఆమె మనసు వెళ్ళి ఆ చల్లటి లోహాన్ని ఆనుకునేది. ఇలాంటి మగవాడు కూడా ఉన్నాడు… నా నాన్న! అనుకునేది.

అలాంటిదాన్ని ఇచ్చేసి, అలివేలమ్మ దగ్గరున్న అదే కంపెనీ వాచీ తీసుకుందామని నాగరాజు రెండు నెలలుగా ప్రాణం తీస్తున్నాడు. అది నడవదు గానీ బంగారు మూతట! ఎక్కడా గీత పడని డయలట! వెనక వీధి అలివేలమ్మకేమో అందం అక్కర్లేదు, నడిచేది ఒకటి చాలట. "ఆదివారం దాకా ఆలోచించుకోనీయండి," అని మాత్రం అంది ఛాయాదేవి. ఈ రోజే ఆదివారం. ఆమె ఇంకా ఏ మాటా చెప్పలేదు. చెప్పకముందే వాచీ పొట్ట విప్పేశాడు!

"నేను సరే అనలేదు కదా…"

"సరే అంటావులే. ఇది చూస్తే నువ్వే అంటావు." నాగరాజు బల్ల మీద బోర్లించిన స్టీలు గ్లాసు పైకెత్తాడు. దాని కింద మరో వాచీ. అలివేలమ్మది. దాని మూతా పక్కకు తీసి ఉంది. అతని ముఖం మెరిసిపోతోంది. "గురువారం పరీక్ష చేస్తానని చెప్పి తెచ్చినా కదా, అప్పుడు తెలిసింది. ఈ కంపెనీవాళ్ళు మూత మీదా, లోపలి మిషను మీదా ఒకే నెంబరు కొడతారు. అలివేలమ్మ వాచీ మూత మీద చివర నాలుగు ఒకటి ఏడు. కానీ లోపల ఉండే మిషను మీద సున్నా తొమ్మిది రెండు. ఇదేందప్పా అని మీ నాయన వాచీ తెరిచినా. మూత మీద సున్నా తొమ్మిది రెండు. మిషను మీద…"

"నాలుగు ఒకటి ఏడు," అంది ఛాయాదేవి. తను ఎలా చెప్పిందో తనకే తెలియలేదు.

"చూడు, ఆమె మూత లోపల." భూతద్దం అందించాడు.

బంగారు మూత లోపల సూదిమొనతో గీసిన సన్నటి గీతలు. ఒక 'ఓ', దాని చుట్టూ సున్నా, పక్కన తేదీ. పద్నాలుగు, ఆరు, తొంభై మూడు. ప్రతి రిపేరీవాడూ తను తెరిచిన వాచీ మూత లోపల అలా గుర్తు గీస్తాడు, మళ్ళీ వస్తే తన పనేనని తెలియడానికి. ఆ చుట్టిన 'ఓ' ఛాయాదేవి పుట్టినప్పటి నుంచీ ఎరిగినదే. ఛీ… మంచి మిషను తన వాచీలోకి తీసుకుని, దీంట్లో అరిగిపోయిన మిషను పెట్టి, ఆ చోట కూడా అలవాటుగా సంతకం పెట్టాడు నాన్న!

"అనుమానం లేదు, ఆయన పనే," అన్నాడు నాగరాజు, మెచ్చుకుంటున్నట్టుగా. "పొద్దున్నే లేచి డయళ్ళు, ముళ్ళు ఊడదీసి, రెండు మిషన్లూ మళ్ళీ మార్చి పెట్టేసినా. ఇప్పుడు అలివేలమ్మ వాచీలో దాని సొంత మిషనే ఉండాది. నెంబర్లు కలిసిన వాచీ! వచ్చే ఆదివారం మావాళ్ళు కుళ్ళి చస్తారు."

"మరి ఆమెకు?"

"ఆమెకు మీ నాయన వాచీ. ఆమె అడిగింది అదే కదా."

"దాంట్లో ఇప్పుడు పాడైన మిషను ఉండాది కదండీ…"

"పాడైందని ఎవురు చెప్పినారు? కొంచెం నూనె వేసినా, నడుస్తా ఉండాది. దినానికి ఇరవై నిమిషాలు వెనకబడుతుంది, అంతే. ఆమె ఏమన్నా డ్యూటీకి పోవాల్నా? యాల బేజారు చేసుకుంటావ్, మీ నాయన చేసిందే కదా నేనూ చేస్తా ఉండేది!"

బల్ల మీద విప్పిన రెండు వాచీలు… పక్కపక్కన… కొబ్బరి వాసన… ఛాయాదేవి కుర్చీ పట్టుకుంది.

అప్పుడు తను పదహారేళ్ళ పిల్ల. క్యారియరు పట్టుకుని మెట్ల కింది కొట్టుకు వచ్చింది. అద్దం బల్ల మీద ఇలాగే పొట్టలు విప్పిన రెండు వాచీలు. చప్పుడుకు నాన్న ఉలిక్కిపడి రెండింటినీ అరచేత్తో కప్పేశాడు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆమె నుంచి ఏదీ దాచలేదు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు. "అమ్మకు చెప్పొద్దు తల్లీ," అని ఎదురుగా ఉన్న బేకరీకి తీసుకెళ్ళి దిల్‌పసంద్ కొన్నాడు. వాచీ నూనె వాసన వేసే వేళ్ళతో తుంచి, తనే ఆమె నోట్లో పెట్టాడు. ఆమె నమిలింది. మింగింది. సాయంత్రం పెరట్లో పేగులు బయటికొచ్చేలా కక్కుకుంది. పాచి కొబ్బరి తిన్నావేమోనే, అంది అమ్మ.

పాచి కొబ్బరి కాదు! ముప్పై ఏళ్ళ పైగా ఆమె ఒళ్ళు నిజం చెబుతూనే ఉంది, మనసే వినలేదు. చూసింది, తెలుసుకుంది, మింగేసింది. దొంగసొత్తును ఎనిమిదేళ్ళు దీపం ముందు కళ్ళకద్దుకుంది! నాన్న మీద అసహ్యం, మొగుడి మీద అసహ్యం… ఆ రెండింటికంటే ఎక్కువగా, కనురెప్పలకు ఇంకా తగులుతున్నట్టున్న ఆ చల్లదనం మీద అసహ్యం. కొళాయి దగ్గరికెళ్ళి కళ్ళు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

పదకొండు కాకముందే అలివేలమ్మ మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఎండిపోయిన చేతులు. కుర్చీ అంచున, ఎవరైనా లేవమంటే లేచిపోయేలా కూర్చుంది.

"రెండు దినాలుగా నిద్ర లేదు తల్లీ," అంది. "ఓబళప్ప పెట్టుకున్న వాచీ మా ఇంటికి వస్తా ఉండాదంటే! దానికి నేను కీ ఇయ్యను, భయపడొద్దు. మా మనవడు చేతన్ ఇస్తాడు. నేను ముట్టనే ముట్టను."

నాగరాజు రెండు వాచీలనూ కడిగిన పళ్ళెంలో పెట్టి భార్య వైపు చూశాడు. ఇవ్వు అన్నట్టు కనుబొమ లేపాడు.

ఛాయాదేవికి ఆ క్షణంలో సులువైన దారి ఒకటి కనిపించింది. ఎవరి పేరూ చెడని దారి!

"మార్పిడి వద్దు పెద్దమ్మా. మీ వాచీ బాగయింది. ఈయన బాగుచేసినారు. మీది మీరు తీసుకుపోండి," అంటూ బంగారు వాచీని అందించింది.

అలివేలమ్మ చేయి చాచలేదు. గబుక్కున లేచి, కొంగు పరిచి పట్టుకుంది. "దీంట్లో వెయ్యమ్మా."

"చేతికి తీసుకోండి పెద్దమ్మా, ఏమవుతుంది?"

"వద్దు తల్లీ. నా చెయ్యి తగిలితే మళ్ళీ నిలిచిపోతుంది." ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన మాటల్లా వచ్చాయి. "అది మా అత్తది. మా ఆయన వెంకటేశప్పకు ప్రాణం. నూనె వేయించుకు రమ్మని నన్నే పంపించినాడు మీ నాయన కొట్టుకు. తెచ్చిచ్చినాక ఇంక సరిగా నడవలేదు. దారిలో కింద పడేసినావంటాడు. లేదంటే కొట్టినాడు. మళ్ళీ మీ నాయన దగ్గరికే తీసుకుపోతే, 'దెబ్బ తగిలిందప్పా, ఎవురో పడేసినారు' అన్నాడంట. అంతే… పోయేదాకా మా ఆయన నన్ను దాన్ని ముట్టనీలేదు. గ్లాసందిచ్చినా, బిడ్డను ఎత్తుకున్నా, అదే మాట. నేను పడేయలేదని ఒట్లేసినా మొదట్లో. పోను పోను నాకే అనుమానమొచ్చె. పడేసినానేమో! మార్కెట్ గలాటాలో జారిందేమో! ఇప్పుడు కలలో కూడా అది పడిన చప్పుడు వినిపిస్తాదమ్మా నాకు…"

పడని వాచీ చప్పుడు! నాన్న దొంగిలించింది మిషనొక్కటే కాదు. "ఎవురో పడేసినారు"… ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుంది? బేకరీ దగ్గర నవ్విన నవ్వే నవ్వి ఉంటాడు!

"పడేయలేదు పెద్దమ్మా," అంది.

"ఏమే!" నాగరాజు ముందుకొచ్చాడు. "నోరు ముయ్యి! నీకేమన్నా పిచ్చా? మీ నాయన పేరేమవుతుంది? కాటన్‌పేటలో మనం తిరగొద్దా?"

"మీరు సుమ్మనుండండి!" ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి అతని మాటకు అడ్డం పడింది ఛాయాదేవి. ఇంకా గట్టిగా నొక్కని బంగారు మూతను గోటితో ఎత్తి చూపింది. "ఇదిగో, మా నాయన గుర్తు. మీ వాచీలో మంచి మిషను ఆయనే తీసుకున్నాడు. తన దాంట్లో ఉండే అరిగిపోయింది మీ దాంట్లో పెట్టినాడు. నేను చూసినా పెద్దమ్మా! పదహారేండ్లప్పుడు, ఈ కండ్లతోనే. చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఈ పొద్దు కూడా ఈయన అరిగిపోయినదే మీకు అంటగట్టాలని చూసినాడు. మీ చెయ్యి మంచిదే. చెడ్డవి మా ఇంటి చేతులు…" ఏడుపు ముంచుకొచ్చి కూలబడిపోయింది.

అలివేలమ్మ చాలాసేపు తన రెండు అరచేతులనూ, ఎవరివో చూస్తున్నట్టు, తిప్పి తిప్పి చూసుకుంది.

"మీ నాయనవి దేవుడి చేతులని మా ఆయన ఊరంతా చెప్పేవాడు," అంది చివరికి. "నా చేతుల్ని ఒక్కసారి కూడా అట్ల అనలేదు."

కొంగు దులిపి భుజాన వేసుకుంది. ఛాయాదేవి చేతిలోని బంగారు వాచీని ఉత్త చేత్తో తీసుకుని, మూత నొక్కింది. చెవికి ఆనించుకుంది. టిక్… టిక్… టిక్. అది నిలిచిపోలేదు! "అదో… పోతా ఉండాది," అంది పసిపిల్లలా.

నాగరాజు భూతద్దం జేబులో వేసుకుని, "కొంపకు నిప్పు పెట్టుకున్నావు," అని గొణుగుతూ మెట్లు దిగిపోయాడు. ఆ గొణుగుడు ఇక రోజూ వినాలని ఛాయాదేవికి తెలుసు.

"మమ్మల్ని క్షమించమని అడగను పెద్దమ్మా," అంది.

"అడగొద్దు. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలీదు." అలివేలమ్మ ఇల్లంతా ఒకసారి చూసింది. బల్ల మీద తెరిచి ఉన్న బేకరీ డబ్బా మీద ఆమె చూపు ఆగింది. "దిల్‌పసందా? నాకోసమే తెప్పించినారా?"

ఛాయాదేవి తలూపింది. అలివేలమ్మ ఒక ముక్క విరుచుకుని, వాచీ పట్టిన చేత్తోనే రెండుగా తుంచి, సగం ఛాయాదేవికి చాచింది. "తిను. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

కొబ్బరి వాసన ముక్కుకు తగిలింది. ఎదురుగా ఆ చెయ్యి… ముప్పై రెండేళ్ళుగా ఎవరికీ ఏదీ నిబ్బరంగా అందించలేకపోయిన చెయ్యి… గాలిలో అలాగే నిలిచి ఉంది.

ఛాయాదేవి అందుకుంది. నోట్లో పెట్టుకుంది. గొంతు ఎగదన్నింది, కళ్ళు చెమర్చాయి, అయినా నమిలింది. కక్కలేదు.

పళ్ళెంలో మిగిలిన నాన్న వాచీ అప్పటికే మూడు నిమిషాలు వెనకబడి ఉంది. దాన్ని ఆమె సరిచేయలేదు.