మొదటి కుదుపుకీ రెండోదానికీ మధ్య

ఉదయం ఎనిమిదింటికి అబ్జర్వేటరీలో, భూకంపాలు కొలిచే సీస్మోగ్రాఫ్ ముందు కూర్చున్న మనిషిని సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. తొమ్మిదింటికి చీఫ్ ఆ కబురు ఏజెంట్‌కి చెప్పాడు.

"పోయింది మీ అన్నయ్య. వేరేవాణ్ణి పంపనా?"

"నేనే వెళ్తాను సార్."

డిపార్ట్‌మెంట్‌లో అతన్ని బండరాయి అంటారు. ఆ రోజు పేరు సార్థకమైంది. ఏడుపు కాదు కదా, కోపం కూడా రాలేదు.

"విదేశీ ముఠా డ్యామ్ లోపలి సొరంగంలో, గ్యాలరీలో బాంబు పెట్టింది. వారంగా భూమి కంపిస్తోందిగా, ఈసారి కంపిస్తే పేలుతుంది. నేరం భూదేవి మీదికి తోసేస్తారు. కింద నాలుగు ఊళ్లున్నాయి. మీ అన్నయ్య పసిగట్టాడు, అందుకే చంపేశారు."

ప్లంబర్ వేషంలో గ్యాలరీలోకి దిగాడు. సిల్క్ అనే మారుపేరు మనిషి అక్కడే ఉంది. ముఠా తిండి తిని మన పాట పాడే డబుల్ ఏజెంట్. ఎండిన నీళ్లగుంట అడుగున ఇనప్పెట్టె చూపించింది.

"ముట్టుకోకు! భూకంపంలో పి వేవ్ కింద నుంచి తోస్తుంది, దానికి పేలదు. ఎస్ వేవ్ పక్కలకి ఊపుతుంది, దానికే ట్రిగ్గర్. నేల మీదుండగా చేత్తో పక్కకి కదిపినా, మూత తెరిచినా అంతే."

"పెట్టెలోకి నీళ్లు పోతాయా?"

"పోవు. ఎయిర్‌టైట్."

అన్నయ్య కంచం ముందు కూడా ఇదే పురాణం విప్పేవాడు. "పి ముందొస్తుందిరా తమ్ముడూ, ఎస్ వెనక. మధ్య సెకన్లని ఎనిమిదితో హెచ్చవేస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో తెలుస్తుంది. ఎస్‌కి చేతకానిదొక్కటే, నీళ్లలో నడవడం." కుదుపు వస్తే చాలు, చేతిలో ముద్ద పట్టుకునే అంకెలు లెక్కపెట్టేవాడు. ఈ వారమంతా తేడా ఇరవై సెకన్లే.

వాల్వ్ తిప్పాడు. నీళ్లు గుంటలోకి మెల్లగా చేరుతున్నాయి. సగం పెట్టె మునిగేసరికి గ్యాలరీ ఒక్కసారి పైకి ఎగిరిపడింది.

"వచ్చేసింది!" సిల్క్ అరిచింది.

"ఒకటి, రెండు, మూడు..." అన్నయ్య గొంతులాగే ఉంది.

పన్నెండు. పెట్టె కదల్లేదు. పదహారు. ఒక మూల లేచింది. పంతొమ్మిదికి అడుగు వదిలి నిటారుగా తేలింది.

ఇరవై. గోడలు పక్కలకి ఊగాయి. నీళ్ల మీద పెట్టె మాత్రం నిద్రపోతున్నట్టే ఉంది.

ఇరవై అయిదుకి నేల మీద పాకే అల వచ్చింది. అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చేదీ, అన్నిటికన్నా గట్టిదీ అదేనని చెప్పేవాడు అన్నయ్య. అదీ దాటిపోయింది. సిల్క్ జేబులోంచి తాళంచెవి తీసి, తేలుతున్న పెట్టె మూత తెరిచి ఫ్యూజ్ ఊడబెరికింది.

అతను లెక్క ఆపలేదు. ఎనభై దాటాక మోకాళ్లు వణికి, గోడకి ఆనుకుని కూలబడ్డాడు.

"మళ్లీ కంపిస్తోందా?" సిల్క్ కంగారుపడింది.

"లేదు. ఇది నాదే."

అన్నయ్య ఉంటే టైము చూసి రిజిస్టర్‌లో రాసుకునేవాడు.