కొమ్ము విరిగిన వాకిలి

ప్రొద్దుటూరులో పాత మసీదు వెనక ఒక సందుంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, పొద్దు గూకినాక ఆ సందులో అడుగు పెట్టినవాడు లేడు. మురుగు కాలవ దాటి, కాళ్లు కడుక్కొని, చుట్టూ తిరిగి ఇల్లు చేరేవాళ్లు గానీ ఆ దోవన పోయేవాళ్లు కారు.

సందు నడిమధ్య పుస్తకాలకు అట్టలు కుట్టే హబీబుల్లా అంగడి. మనిషి పోయి రెండు నెలలు. అంగడి మూసీ రెండు నెలలే. అయినా రాత్రయితే ఆ మూసిన వాకిలి లోపల్నుంచి ఎవరో గుసగుసలాడతారట - "కొమ్ము... కొమ్ము..." అని.

"ప్రాణం పోయేటప్పుడు గూడా అదే మాటంట అయ్యవారూ," అన్నాడు బస్టాండు దగ్గర టీ అంగడి అబ్దుల్ సలాం. "కొమ్ముల దయ్యమేదో పట్టింది. ఆ పక్క పోవాకండి. మీరు ఆ సాయిబుకు శానా కావలసినోళ్లు. మిమ్మల్నే ముందు పిలుస్తాడు."

జమ్మలమడుగులో పరీక్ష పేపర్లు దిద్ది, ఆలస్యంగా బస్సు దిగిన కోదండపాణి అయ్యవారు టీ తాగి గ్లాసు పెట్టేశాడు. అందులో చక్కెర ఉందో లేదో ఆయనకు తెలియలేదు. రెండు నెలలుగా అంతే. బళ్లో పాఠం చెబుతాడు. పెట్టింది తింటాడు. స్నేహితుడు హబీబుల్లా పోతే కంట తడి కూడా రాలేదు.

వాళ్లిద్దరికీ గళ్ల నుడికట్టు పిచ్చి. మద్రాసు నుంచి వారపత్రిక రావడం ఆలస్యం, కథలు వదిలేసి గళ్ల మీద పడేవాళ్లు. అదొక దొంగ ఆట. చెప్పేది ఒకటి, అడిగేది ఇంకొకటి. "తిరగబడిన తీగ, రెండక్షరాలు" అంటే పెరట్లోకి పోయి వెతికితే దొరకదు. తీగంటే లత. లతను తిరగేస్తే తల. తెలిశాక ఇంతేనా అనిపిస్తుంది. తెలిసేదాకా అన్నం సయించదు.

ఆఖరి వారం వచ్చింది ఇదీ: "కొమ్ము విరిగిన వాకిలి మనసులో ఉంటుంది - మూడక్షరాలు."

అయ్యవారు బి.ఏ. వాకిలంటే ఇంటి ముందర జాగా, అక్కడ కట్టేసేది కొమ్ముల పశువు, కాబట్టి "ఎనుము" అన్నాడు.

హబీబుల్లా నవ్వాడు. "ఎనుముకు మనసు యాడుంటాది సామీ? మన పక్క వాకిలంటే అది గాదు గదా. ఆ కొమ్మూ పశువుది గాదేమో."

అంగట్లో ఉన్న నలుగురూ నవ్వారు. అయ్యవారికి కాలింది. "నీకు తెలుగు యాడొస్తాదిలే సాయిబూ. అట్టలు కుట్టుకో పో."

హబీబుల్లా సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు. నాలుగో రోజుకు జ్వరంతో పోయాడు. జవాబులు వచ్చిన ఆ పై సంచికను అయ్యవారు కొననేలేదు.

వాన అందుకుంది. కాలవ పొంగి పొర్లుతోంది. ఇక ఆ సందే దోవ.

నడిచాడు. మసీదు గోడ దాటాడు. అంగడి ముందుకొచ్చాడు...

"త..." అంది లోపల గొంతు. ఆగింది. "లకు... కొమ్ము..."

భయపడాలని ఆయనకు తెలుసు. ఆ భయమూ రాలేదు. చొక్కాలోకి నీళ్లు కారుతున్న సంగతి మాత్రం తెలుస్తోంది.

"సాయిబూ," అన్నాడు మెల్లగా. "నేనే."

వాకిలి చెక్కల సందులో మినుకుమంటున్న వెలుగు టక్కున ఆరిపోయింది.

"...అయ్యవారా?"

ఆడగొంతు. హబీబుల్లా భార్య హజరాబీ.

"ఎవురికీ చెప్పాకండి సామీ. ఇద్దత్‌లో ఉండా. మొగుడు పోయినాక నాలుగు నెలల పది దినాలు మగోళ్ల కంట పడగూడదు. మా అత్త పండుకున్నాక అంగడి వెనక ఇంట్లోనించి ఈడికొస్తా. ఆయన గుణింతం మొదలుపెట్టిచ్చినాడు. మిగతాది నేనే కూడబలుక్కుంటాండా."

"పోయేటప్పుడు కొమ్మని ఎందుకన్నాడమ్మా?"

"గళ్ల కాగితం నా చేతికిచ్చి, కొమ్ము చూడు, అయ్యవారికియ్యి అన్నాడు. నేనే ఇయ్యలే." గొంతు ఇంకా తగ్గింది. "దాంట్లో తప్పుండాది. ముందే తెలుగు రాదంటిరంట గదా... ఇంగ ఈ తప్పు గూడా మీ కంట పడితే..."

"ఇట్లియ్యమ్మా," అన్నాడు అయ్యవారు. దీపం మళ్లీ వెలిగింది. చెక్కల సందులోంచి కాగితం బయటికొచ్చింది. గళ్లలో పెన్సిలుతో మూడక్షరాలు.

తలపు.

"పుస్తకాల్లో వాకిలిని తలుపంటారని ఆయనే నేర్పిచ్చినాడు," అంది హజరాబీ. "త... లకు కొమ్మిస్తే లు... పకు కొమ్మిస్తే పు. దినామూ చూస్తాండా. లకు కొమ్ము లేదు. మరిచినాడు గదా?"

వాన చూరు మీంచి కారుతోంది. అయ్యవారు ఆ వెలుగులో కదలకుండా నిలబడ్డాడు. వాకిలి, తలుపు. తలుపుకు రెండు కొమ్ములు. మొదటిది విరిగితే - తలపు. మనసులో ఉండేది.

"తప్పు గాదమ్మా," అన్నాడు. "ఆ కొమ్ము ఉండకూడదు. తెలుగు వచ్చింది వానికే. తప్పు నాది."

లోపలి గొంతు చెక్కల దగ్గరికి జరిగింది.

"తలపంటే ఏంది సామీ?"

చెప్పబోయాడు. ఒళ్లంతా వాన చల్లగా ఉంది. మొహం మీద కారేది మాత్రం వెచ్చగా ఉంది.

వారం తిరక్కముందే, టీకి వచ్చిన ప్రతివాడికీ అబ్దుల్ సలాం గొంతు తగ్గించి చెప్పసాగాడు.

"ఇప్పుడు రెండు గొంతులప్పా. ఒకటి వాకిలి లోపల, ఒకటి బయట గడప మీద. ఆ కొమ్ము గూడా పెరిగినట్టుండాది... కొమ్ము దీర్ఘం, కొమ్ము దీర్ఘం అంటాండాయి."