మాట్లాడిన విగ్రహం

"రాళ్లు తుమ్మవండీ!"

మేకప్ అమ్మాయి అతనితో అన్న మొదటి మాట అదే. పొద్దున్నుంచీ ఆమె ఓపిగ్గా పూసిన బూడిదరంగు పూత అప్పుడే అతని ముక్కు దగ్గర మొదలై చెవుల దాకా బీటలు వారింది.

"తుమ్ము నన్నడిగి వచ్చిందాండీ?"

ఆ మాటకి గడ్డం మీది పెచ్చు ఊడి ఒళ్లో పడింది.

"మాట్లాడకండి!"

"సారీ."

ఇంకో పెచ్చు.

అది గ్రీకు పురాణ కథ ఆధారంగా తీస్తున్న ఫాంటసీ సినిమా. అందులో జుట్టుకు బదులు తలనిండా పాములున్న రాక్షసి ఒకావిడ. ఆవిడ ఎవర్ని చూస్తే వాళ్లు రాయైపోతారు. అలా రాయైపోయిన సైనికుడు మనవాడు. సినిమాలో వేషం దొరికిందని తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఏ వేషమో మాత్రం చెప్పలేదు. యూనిట్లో అందరూ అతన్ని 'విగ్రహం' అనేవాళ్లు. "విగ్రహానికి టీ ఇచ్చారా?" అని కేకలు వినిపించేవి.

పూత ఆరేదాకా పెదవి కదపకూడదు. ఆరాక అసలే కదపకూడదు. పగిలితే మళ్లీ మొదటినుంచీ పూయాలి, పైగా మేకప్ చీఫ్ దగ్గర తిట్లు తినేది ఆ అమ్మాయే. చీఫ్ ఆమెకి స్వయానా పెదనాన్న. తిట్టడంలో చుట్టరికం చూసే మనిషి కాదు.

అందుకే ఆమె ఒక ఏర్పాటు చేసింది. "ఒకసారి రెప్ప వేస్తే అవును. రెండుసార్లు వేస్తే కాదు. సరేనా?"

ఒక రెప్ప.

ఇక రోజూ ఆమె పూస్తూ మాట్లాడేది, అతను వినేవాడు. హాస్టల్లో పక్కమంచం పిల్ల గొంతు చించుకుని పాడే పాటలు, తెగిన చెప్పు, పెదనాన్న గురక, అన్నీ చెప్పేది. ఇంత బుద్ధిగా వినే మగవాణ్ణి ఆమె ఎక్కడా చూడలేదు. వినక ఏం చేస్తాడు పాపం, కదిలితే పగులుతాడు!

సాయంత్రం ముఖం కడుక్కున్నాక అతని నోరు అతనికి తిరిగొచ్చేది. ధైర్యం మాత్రం కడిగిన నీళ్లతోనే కొట్టుకుపోయేది. "వస్తానండీ" అని గొణిగి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు ఆమె మాటల్లేకుండా పూత పూసింది. చివర్న పౌడరు డబ్బా తెరిచి, దాన్నే చూస్తూ మొదలుపెట్టింది.

"వేరే యూనిట్ వాళ్లు పిలిచారు. ఒంటికన్ను రాక్షసుడి సినిమా. ఒకటే కన్ను కదా, పని సగం తగ్గుతుంది."

నవ్వబోయి ఆగిపోయింది.

"చాలా దూరమట. ఏడాది పడుతుందట. ఈ మేకప్ అవగానే వ్యాన్ వస్తుంది. అదీ... మీరు ఉండమంటే ఉంటాను. ఉండమంటారా?"

అతను ప్రాణమంతా కూడగట్టుకుని, జీవితంలో అతి ముఖ్యమైన ఆ ఒక్క రెప్ప వేయబోయాడు.

సరిగ్గా అప్పుడే ఫ్యాను ఇటు తిరిగింది. డబ్బాలోని పౌడరంతా లేచి వచ్చి కళ్లలో పడింది. రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. రెండూ కాదు, నాలుగూ కాదు, వానలో చిక్కిన పిచ్చుక రెక్కల్లా!

ఆమె ముఖం ఎర్రబడింది. "అంత గట్టిగా కాదనక్కర్లేదు లెండి" అని డబ్బా మూసి వెళ్లిపోయింది.

నోరు తెరుద్దామంటే పూత. పూత పగిలితే తిట్లు ఆమెకే. ఈలోగా ఇద్దరు మనుషులొచ్చి అతన్ని ట్రాలీ ఎక్కించి సెట్లోకి తోసుకుపోయారు.

"యాక్షన్!"

ముందు హీరో కత్తి తిప్పుతున్నాడు. పాములావిడ బుస కొడుతోంది. వెనక మన విగ్రహం నిలబడి, వీళ్లిద్దరి మధ్యనుంచి తలుపు వైపు చూస్తోంది. అక్కడ ఆ అమ్మాయి బ్రష్షుల పెట్టె పెదనాన్న చేతికిచ్చి, సంచీ భుజాన వేసుకుంది. బయట వ్యాన్ హారన్ మోగింది.

"ఆగండీ!"

సెట్టంతా ఆగిపోయింది. హీరో కత్తి గాల్లో ఆగింది. పాములావిడ ఉలిక్కిపడేసరికి రెండు పాములు ఊడి కిందపడ్డాయి.

"కట్!" దర్శకుడు కుర్చీ మీంచి లేచాడు. "మన పురాణాల్లో రాయి మనిషవుతుందయ్యా! ఇది గ్రీకు సినిమా! ఇందులో మనిషి రాయవ్వాలి!"

"క్షమించండి సార్. ఏవండీ, అది 'కాదు' కాదండీ! 'అవునే'! కళ్లలో పౌడరు పడింది!"

బుగ్గల పెచ్చులు రాలుతున్నాయి. అతను ఆగలేదు.

"ఉండండి. ఉండమనే చెప్పబోయాను. మీ మాటలు వినకపోతే నేను నిజంగానే రాయైపోతాను. ఇంత చెప్పాక నన్ను తీసేసినా ఫర్వాలేదు!"

"ఏమ్మా, ఆ పిల్లాడు ఏడుస్తున్నాడా, పూత కరుగుతోందా?" అంది పాములావిడ, పాములు ఏరుకుంటూ.

అమ్మాయి సంచీ జారిపోయింది. చేతులతో ముఖం కప్పుకుంది. నవ్వుతోందని భుజాలే చెబుతున్నాయి.

పెదనాన్న అతని చుట్టూ ఒకసారి తిరిగి, రాలిన పెచ్చుల్ని చూశాడు. "ఎంత పని పాడుచేశావు బాబూ! దీన్నంతా ఇప్పుడు ఎవరు పూస్తారు?"

"నేను పూస్తాను పెదనాన్నా."

"మరి బయట వ్యాన్?"

"వెళ్లిపొమ్మనండి."

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బ్రష్షుల పెట్టె తిరిగి ఆమె చేతిలో పెట్టి, "ఒరేయ్ విగ్రహం, ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. ముఖం కడుక్కుని రా" అన్నాడు.

దర్శకుడు తల పట్టుకుని అందరికీ బ్రేక్ ఇచ్చాడు.

అద్దం ముందు కూర్చున్నాక అతను అలవాటుగా పెదవులు బిగించాడు. ఆమె బ్రష్ ముంచి, ముందు నుదురు పూసింది. తర్వాత చెవులు. తర్వాత మెడ.

"ఇవాళ నోరు చివర్న పూస్తాను" అంది మెల్లగా. "అప్పటిదాకా మాట్లాడు."

గంట గడిచాక పెదనాన్న తలుపు తోసి చూశాడు. "ఇంకా ఆ నోరు పూయలేదా తల్లీ?"

"చెవులు ఇంకా ఆరలేదు పెదనాన్నా!"