సవతి బిళ్ళ

సవతి మట్టిబొమ్మైనా ఓర్వలేమంటారు. సుందరి సవతి మట్టిలో కలిసిపోయి ఏళ్లు గడిచాయి. అయినా సుందరికి కడుపుమంట చల్లారలేదు.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో ఓడరేవు కూలీల బస్తీ అది. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన బైరాగి, మొదటి భార్య అప్పలకొండమ్మ పోయాక సుందరిని చేసుకున్నాడు. పెళ్లినాడు పెద్దలు పసుపుతాడుకి చిన్న వెండి బిళ్ళ గుచ్చి, "ఇది పెద్దదాని గుర్తు. మెడలో ఉన్నంతకాలం అది నీ జోలికి రాదు" అన్నారు. పెళ్లి పందిరి విప్పకముందే సుందరి దాన్ని తెంపి నదిలో గిరాటేసింది.

"నా మెడలో దానికి సోటేటి?" అంది.

మెడలో సవతికి చోటు పోయినా ఇంట్లో పోలేదు. చచ్చినావిడ రేషన్ కార్డు బైరాగి తిరిగి ఇవ్వనేలేదు. చక్కెరా, కిరసనాయిలూ ఊరికే ఎందుకు వదులుకోవాలి? షాపువాడు "అప్పలకొండమ్మా!" అని కేకేసినప్పుడల్లా సుందరే ఒళ్లు మండుతూ "ఆఁ" అనేది.

ఆ యేడు వానల్లో బైరాగి దగ్గి దగ్గి ప్రాణం వదిలాడు. పెట్టె అడుగున బీమా పాలసీ దొరికింది. బస్తీలో ఆఫీసు కాగితాల పనులు చేసిపెట్టే గోపీనాథ్ దాన్ని చూసి నెత్తి గోక్కున్నాడు.

"నామినీ అప్పలకొండమ్మే ఉన్నాది వొదినా. అన్న పేరు మార్సనేదు."

మొగుడు పోయిననాటికంటే అప్పుడే సుందరికి ఎక్కువ ఏడుపొచ్చింది. కాపురం తనతో, కట్టిన ప్రీమియమంతా దాని పేరునా! కాటికి చేరినా అదే పెళ్లామన్నమాట.

"నామినీ ముందే పోతే సొమ్ము వారసులది" అని గోపీనాథ్ విడమరిచి చెప్పాడు. "కోర్టుకెల్లి వారసత్వం సర్టిఫికెట్టు తేవాల. నీకు సగం, పెద్దావిడ కూతురు వేదవతికి సగం."

దాని కడుపున పుట్టినదానికి సగమా? సుందరి కళ్లు తుడుచుకుంది.

"అది సచ్చిపోనాదని బీమావోల్లకి ఎవులు సెప్పినారు? కార్డు నా దగ్గరే ఉన్నాది కదా."

"తప్పొదినా..." అన్నాడు గోపీనాథ్. అతనికీ కొంత ముట్టజెబుతానంటే మెత్తబడ్డాడు.

బీమా ఆఫీసులో బెంగాలీ గుమస్తా కార్డు చూసి, ఆమె మొహం చూశాడు.

"అప్పలకొండమ్మ మీరేనా బౌదీ?" అని వదిన వరస కలిపి అడిగాడు.

"నానే దాదా. బైరాగి పెళ్లాన్ని."

సిరాలో ముంచిన బొటనవేలు కాగితం మీద ఆనించింది. అప్పుడే బోసి మెడ మీద చల్లగా ఏదో పాకింది. ఫ్యాను గాలేమో అనుకుంది. తలెత్తి చూస్తే కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. బస్తీలో కూడా లోడ్‌షెడ్డింగ్. చీకట్లో దర్జీలు కాలితో తొక్కే కుట్టుమిషన్లు టకటకమంటూనే ఉన్నాయి. నది మీంచి బురద వాసన వస్తోంది. దాంతోపాటు ఎండుచేప కాలుస్తున్న కమ్మటి వాసన. అది బైరాగికి ప్రాణం.

ఆ వాసన తన ఇంట్లోంచే వస్తోంది.

పొద్దున తాళం వేసి వెళ్లింది. ఇప్పుడు తాళం లేదు. తోస్తే తలుపు రాలేదు. లోపల గడియ వేసి ఉంది. సందులోంచి దీపం వెలుగు...

లోపల ఎవరో దగ్గారు. గొంతులో గీరుకునే ఆ దగ్గు ఆమెకు తెలుసు. ఆ వెంటే ఆడమనిషి నవ్వు.

భయపడాల్సిందే. కానీ సుందరికి భయం కన్నా ముందు ఒళ్లుమంటే వచ్చింది. తన మొగుడితో, తన ఇంట్లో!

తలుపు దబదబ బాదింది. "ఎవత్తివే లోపల?"

నవ్వు ఆగింది. తలుపుకి అవతల, దగ్గరగా, ఎవరో గుసగుసగా అన్నారు.

"నానే... సుందరిని."

గొంతు తనదే. అచ్చం తనదే.

"నువ్వెవులివి?"

సుందరినని చెప్పబోయింది. నాలుక తిరగలేదు. మళ్లీ నోరు తెరిచింది. "అప్పల..." అని మాత్రం వచ్చింది. నోరు గట్టిగా మూసుకుంది.

పక్కింటి రామమ్మ లాంతరుతో బయటికొచ్చింది. రోజూ కష్టం సుఖం చెప్పుకునే మనిషి. సుందరి ఆశగా ఆమె వైపు తిరిగింది. రామమ్మ వెలుగు మొహానికి ఆనించి చూసి, వెనక్కి అడుగేసింది.

"కొండమ్మప్పా... నువ్వు... పోనావు కదప్పా..."

లాంతరు కిందపడింది. రామమ్మ ఇంటి తలుపు ధడాలున మూసుకుంది.

సుందరి మెడ తడుముకుంది. తడిసిన తాడు. నది బురద వాసన. దాని చివర చిన్న బిళ్ళ వేలికి తగిలింది. లాగింది. తెగలేదు. ఇంకా గట్టిగా లాగింది...

లోపల బైరాగి అడిగాడు.

"ఎవులే సుందరీ, తలుపు కాడ?"

"ఎవులూ నేరు మావా. నువ్వు తిను."