చెవి అనే అక్షరం

"ఏవండీ, వాన వచ్చేలా ఉంది. గొడుగు తీసుకెళ్ళండి!" వంటగదిలోంచి భార్య కేకేసింది.

"పెరుగు ఇప్పుడెందుకే? కాఫీ తాగుతున్నాగా," అన్నాడు పెయింటరు పేపర్లోంచి తలెత్తకుండానే.

ఆవిడ గొడుగు తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. "టెలిఫోన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ఎక్కడెక్కడి వాళ్ళకో మాట కలిపాను. నా ఖర్మ, సొంత మొగుడికి మాత్రం లైను కలవడం లేదు."

"గొణక్కుండా చెబితే వినబడుతుంది. ఈమధ్య అందరూ మాటలు నమిలి మింగేస్తున్నారు," అన్నాడాయన.

ఊళ్ళో పాత దుకాణాల మీద బోర్డులు సగం ఆయన చేత్తో రాసినవే. చెయ్యి ఇప్పటికీ వణకదు, చూపు ఇప్పటికీ తప్పదు. చెవులే మొండికేశాయి. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయన ఒక్కడే ఒప్పుకోడు. విచిత్రం ఏమిటంటే ఆయన ఒక్కగానొక్క కూతురి ఉద్యోగం చెవుల పరీక్షలు చెయ్యడం. చిన్నప్పుడు తెల్లారింది మొదలు నిద్రపోయేదాకా వాగుతూనే ఉండేదని ఆమెకి 'పిచ్చుక' అని పేరు పెట్టుకున్నాడు. ఆ సన్నటి గొంతే అందరికంటే ముందు ఆయనకి అందకుండా పోయింది. కొన్నేళ్ళుగా ఆమె ఏం చెప్పినా ఊరికే తలూపుతున్నాడు.

పిచ్చుక భుజాన సంచీతో వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. తండ్రి మొహంలోకి చూస్తూ ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. "నాన్నా, మా క్లినిక్కు వచ్చే నెలలో తెరుస్తున్నాం."

'మా' అంటే తనూ, తనతో పనిచేసే చెవుల డాక్టరూ. ఆ అబ్బాయిది చైనా కుటుంబం. అతన్నే పెళ్ళి చేసుకుంటానని ఆమె ఎప్పుడో చెప్పింది, కుదరదని ఈయన అప్పుడే చెప్పేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటల కంటే గిన్నెల చప్పుడే ఎక్కువైంది.

"తెరుచుకోండి. నన్నెందుకు అడగడం?"

"బోర్డు కావాలి. మన భాషలో 'చెవి' అని పెద్దగా, పక్కన అదే మాటకి చైనా అక్షరం. మేం క్లినిక్కు పెట్టే వీధిలో సగం మంది చైనావాళ్ళే."

"నాకు చైనా అక్షరాలు రావు."

"పోనీలే. కంప్యూటర్లో కొట్టించి ప్లాస్టిక్ బోర్డు తగిలించేస్తాం."

పెయింటరు చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. ఈ మాట మాత్రం ఆయనకి స్పష్టంగా వినబడింది. "ప్లాస్టిక్కా? నా కూతురి గుమ్మం మీద ప్లాస్టిక్కా? నేను పోయాక పెట్టుకోండి. బోర్డు నేను రాస్తాను." లేచి గొడుగు అందుకుని, గుమ్మం దగ్గర ఆగాడు. "బోర్డుకి ఒప్పుకున్నానని పెళ్ళికి ఒప్పుకున్నట్టు కాదు, గుర్తుంచుకో!"

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నవ్వాపుకున్నారు.

ఆ వారంలోనే షెడ్డులో బోర్డు నిలబెట్టి, తెల్లరంగు వేసి, సుద్ద రాసిన దారంతో గీతలు కొట్టుకున్నాడు. మన అక్షరాలు రెండూ అలవోకగా వచ్చేశాయి. చైనా అక్షరం పిచ్చుక ఇచ్చిన కాగితం మీద ఉంది: 耳.

"ఇదా చెవి? ఒక కాలు పొడుగైన నిచ్చెనలా ఉంది," అనుకుంటూ పెన్సిలుతో అంచులు గీసి లోపల నల్లరంగు నింపాడు. వెనక్కి జరిగి చూశాడు. గీతలన్నీ తిన్నగానే ఉన్నాయి. అక్షరానికి మాత్రం ప్రాణం లేదు. తుడిచేసి మళ్ళీ రాశాడు. మళ్ళీ తుడిచాడు.

మూడోసారి తుడుస్తుంటే పిచ్చుక వచ్చింది. వెనకే డాక్టరు అబ్బాయి, వాళ్ళమ్మా ఉన్నారు. ఆవిడ చిన్నపిల్లలకి చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ. పొట్టి మనిషి, తెల్ల జుట్టు చెవుల మీదుగా దించి కత్తిరించుకుంది. మన భాషలో ఒక్క ముక్క రాదు.

"నమస్కారం మావయ్యగారూ," అన్నాడు అబ్బాయి. మన భాష పిచ్చుక దగ్గర బాగానే నేర్చుకున్నాడు గానీ, ఆ వరస కలపడానికి ఎన్నాళ్ళు ధైర్యం కూడగట్టుకున్నాడో పాపం. పెయింటరుకి నిజంగా వినబడలేదో, వినబడనట్టు ఊరుకున్నాడో ఆయనకే తెలియాలి.

టీచరమ్మ బోర్డు వైపు చూసి పెదవులు బిగబట్టింది. అయినా నవ్వు ఆగలేదు. కొడుకుతో వాళ్ళ భాషలో ఏదో అంది.

"ఎందుకే నవ్వుతోందావిడ?"

"బళ్ళో చేరిన కొత్తలో పిల్లలు ఇలాగే బొమ్మ గీసినట్టు గీస్తారట నాన్నా."

"బోర్డులు రాస్తూ రాస్తూ నెరిసిన జుట్టే ఇది! ఆవిడకి చెప్పు!"

ఈలోగా టీచరమ్మ అడగా పెట్టకుండా ఆయన డబ్బాలోంచి కుంచె తీసుకుంది. కట్టుకున్న భార్య కూడా ముట్టుకోవడానికి జంకే కుంచె అది! పిచ్చుక ఆపబోయేలోపే ఆవిడ పాత చెక్కముక్క మీద పైన ఒక అడ్డగీత గీసింది. తర్వాత ఎడమ నిలువు, కుడివైపు ఇంకా కిందికి దిగిన నిలువు, లోపల రెండు చిన్న గీతలు. ఆఖరుకి అడుగున ఒక పొడుగు గీతని కుడి కాలు దాటించి బయటికి లాగింది. అక్షరం లేచి నిలబడింది. ఆవిడ కుంచె ఆయన చేతికిచ్చింది.

పెయింటరు రాశాడు. లోపలి గీతలు పూర్తికాకుండానే అడుగు గీత మీదికి పోబోతే ఆవిడ మణికట్టు మీద టక్కున వేలితో కొట్టింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. చిన్నప్పటి బడి తర్వాత ఆయన చేతిమీద కొట్టిన మనిషి లేదు. మళ్ళీ రాశాడు, మళ్ళీ కొట్టింది. చెక్కముక్క నిండిపోయే వేళకి ఒక్కటి కుదిరింది.

"వచ్చింది! వచ్చిందే పిచ్చుకా, చూడు!" అంటూ గంతేసినంత పని చేశాడు.

టీచరమ్మ తన చెవి తమ్మె పట్టుకుని "అర్" అంది, గొంతు కిందికి దించి పైకి లేపుతూ.

"అరె?" అన్నాడు పెయింటరు.

ఆవిడ తల అడ్డంగా ఊపి వేలితో గాల్లో గీసి చూపించింది, లోయలోకి దిగి ఎక్కినట్టు.

"అ...రె!" అన్నాడాయన తల కూడా కిందికి దించి పైకెత్తి. ఇక ఎవరూ ఆగలేకపోయారు. టీచరమ్మ అయితే గోడ పట్టుకుని మరీ నవ్వింది.

ఆ తర్వాత ఆవిడ రోజూ పొద్దున్నే బస్సెక్కి షెడ్డుకి రావడం మొదలుపెట్టింది. నోరంటే ఒట్టి పెట్టెలా ఉండే అక్షరమని తెలిసి పెయింటరు మురిసిపోయాడు. ఆవిడకి ఆయన 'చెవి' రాయడం నేర్పాడు. మన గుండ్రటి అక్షరాలకి ఆవిడ చేతిలో నాలుగేసి మూలలు మొలిచాయి. ఈసారి మణికట్టు మీద టక్కున కొట్టే వంతు ఈయనది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు, సందడికి మాత్రం లోటు లేదు.

"మీ నాన్న ఈల వేస్తున్నాడే," అంది భార్య ఆశ్చర్యంగా. "రాగం ఎటో పోతోందనుకో."

బోర్డు పూర్తయిన సంతోషంలో భార్య అందర్నీ భోజనానికి పిలిచింది. బల్ల చుట్టూ మాటలు జోరందుకున్నాయి. భార్య ఒకటి చెబుతుంది, పిచ్చుక అందుకుంటుంది, అబ్బాయి దాన్ని వాళ్ళమ్మకి వాళ్ళ భాషలో చెబుతాడు, ఆవిడ ఇంకొకటి అంటుంది. పెయింటరు ఒక్కొక్కరి నోటి వంకా తల తిప్పుతూ కూర్చున్నాడు. ఇటు తిరిగేసరికి మాట అటు దాటిపోతోంది. అందరూ ఘొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు.

"ఏంటది?" అన్నాడు కూతురితో.

"ఏం లేదు నాన్నా, తర్వాత చెప్తా."

ఆయన చేతిలో చెంచా కంచంలో ఖణేలుమంది. "ఈ పెళ్ళి జరగదు!"

"ఏమైందండీ ఇప్పుడు?" భార్య కంగారుపడింది.

"ఆ అబ్బాయిలో ఏం లోపముందో చెప్పు నాన్నా," పిచ్చుక దిగ్గున లేచింది. "ఇన్నాళ్ళనుంచీ అడుగుతున్నా. ఒక్కటి, ఒక్క లోపం చెప్పు!"

"అతనిలో ఏ వంకా లేదు!" గట్టిగా అరిచాడు. తర్వాత గొంతు దానంతటదే దిగిపోయింది. "వంకంతా నాలో ఉంది. మన మాటల్లోనే సగం నాకు అందడం లేదే తల్లీ. వీటికి ఇంకో భాష తోడైతే నా గతేంటి? రేపు నీ పిల్లలు రెండు భాషల్లో గలగలమంటుంటే, నేను మూల కుర్చీలో కూర్చుని అందరూ నవ్వినప్పుడు నవ్వే ముసలాణ్ణవుతా. ఎప్పుడు చూడూ 'తర్వాత చెప్తా' అంటావు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు."

పిచ్చుక కళ్ళు నిండిపోయాయి. "ముక్కూ మొహం తెలియని వాళ్ళ చెవులు రోజూ చూస్తాను నాన్నా. నీ దగ్గర ఆ మాటెత్తితే కోప్పడతావని తప్పించుకుంటూ వచ్చాను. ఎంత దూరం జరిగిపోయావో చూసుకోలేదు."

టీచరమ్మ కొడుకు చెయ్యి లాగి అడిగింది. అతను నెమ్మదిగా అంతా చెప్పాడు. ఆవిడ లేచి బల్ల చుట్టూ తిరిగి పెయింటరు దగ్గరికొచ్చింది. జుట్టు పక్కకి తీసి, చెవిలోంచి చిక్కుడు గింజంత వినికిడి మిషను ఊడదీసి ఆయన అరచేతిలో పెట్టింది. తర్వాత ఏదో అంది. తన గొంతు తనకే వినబడక, ఆ మాట గదంతా మోగేంత పెద్దగా వచ్చింది.

"తనూ మీలాగేనంటోంది. అది తీసేస్తే అమ్మకి మనం ఎంత అరిచినా అందదు," అన్నాడు అబ్బాయి ఆయన మొహంలోకి చూస్తూ. "పెట్టుకోమంటే ఏళ్ళ తరబడి పోట్లాడింది. మేం ఎక్కడ నవ్వినా తన గురించే అనుకునేది. ఆ పోట్లాట పడలేకే నేను చెవుల చదువు చదివాను."

"మరి మాకు చెప్పలేదేం?" అంది భార్య.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది," అంది పిచ్చుక కళ్ళు తుడుచుకుంటూ. "కొత్త చుట్టాల ముందు నామోషీ అట."

పెయింటరు అరచేతిలోని గింజనీ, ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. కడుపులో ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చింది. "నామోషీయా! నాకంటే ఘనురాలే ఈవిడ!" అంటూ కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాడు. ఒక్క మాటా వినబడకపోయినా టీచరమ్మ కూడా నవ్వింది. నవ్వు తగ్గాక ఆయన తన రెండు చెవులూ పట్టుకుని కూతురివైపు తిరిగాడు. "ఇవీ కాస్త చూడవే అమ్మా."

క్లినిక్కులో ఇంకా సగం పెట్టెలు విప్పనేలేదు. మొదట పరీక్ష, కొన్నాళ్ళ తర్వాత మిషన్లు. పిచ్చుక తనే ఆయన చెవుల్లో పెట్టి సరిచేసింది. పెయింటరు కదలకుండా కూర్చున్నాడు. కాగితం మడిచిన చప్పుడు వినిపించింది. కిటికీ అవతల ఎవరో తాళంచెవులు గలగలలాడిస్తూ వెళ్ళారు.

"వినబడుతోందా అండీ?" అలవాటు కొద్దీ భార్య గావుకేక పెట్టింది.

"అబ్బ, అరవకే! పైకప్పెగిరిపోతుంది!"

ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్ళ సందుల్లోంచే గుసగుసగా, "నిజంగానా?" అంది.

"నిజంగానే."

ఆవిడ పక్కనున్న పెట్టె మీద కూలబడి ఏడుస్తూ నవ్వుతూ ఉండిపోయింది.

పిచ్చుక ఆయన వెనక నిలబడి సామాన్లు సర్దుతోంది. మాటలు విడదీయకుండా, గొంతు పెంచకుండా, గబగబా అడిగేసింది. "నాన్నా, మరి పెళ్ళి ఎప్పుడు పెట్టుకుందాం?"

ఆయన వెనక్కి తిరగలేదు. బదులూ చెప్పలేదు. పిచ్చుక మొహం చిన్నబోయింది. ముందుకొచ్చి ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టింది. "వినబడలేదా నాన్నా? ఇంకాస్త పెంచనా?"

"వినబడింది," అన్నాడు. "నీ గొంతు ఇలా ఉంటుందని మర్చిపోయానే తల్లీ. ఇంకోసారి అడుగు."

ఆమె మళ్ళీ అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ముందు మీ అత్తగారిని పిలు," అన్నాడు కళ్ళు తెరిచి. "ఆవిడకి ఏ రోజు వీలవుతుందో అడగొద్దూ?"