పాటల మేష్టారి మాత్రలు

మందుల షాపాయన డిటెక్టివ్ గారింటికి వచ్చేసరికి ఆయన మొహంలో కత్తి వేటుకు నెత్తురు చుక్క లేదు.

“సాయంత్రానికల్లా నా షాపుకి సీలు పడేలా ఉందమ్మా. ఇరవై ఏళ్ళ షాపు,” అన్నాడు.

పాటల మేష్టారికి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. ఐదు రోజులుగా మాత్రలు వాడుతున్నా జ్వరం దిగిరాలేదు. నకిలీ మందులు అంటగట్టాడని ఆయన కొడుకు ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకున్నాడు.

డిటెక్టివ్ గారు అతను తెచ్చిన నున్నగా మెరిసే గులాబీరంగు మాత్రను వేళ్ళ మధ్య తిప్పి చూసింది. “ఇదే పెట్టెలోవి ఇంకెవరికిచ్చారు?”

“పోస్ట్‌మాన్‌కండీ. మూడో రోజుకే సైకిలెక్కాడు.”

“అయితే మాత్ర మంచిదే. పద మరిదీ,” అంది. ఆమె అసిస్టెంటు స్వయానా ఆమె మరిది. టైపిస్టుగా రిటైరైన మనిషి. వదిన తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే రకం.

మేష్టారు మంచం మీద దగ్గుతున్నారు. భార్య ఖాళీ స్ట్రిప్పులు తెచ్చి చూపించింది. “గడియారం చూసి మరీ ఇచ్చానమ్మా. ఒక్కటీ తప్పలేదు.”

“విన్నారుగా. మందులోనే సరుకు లేదు,” అన్నాడు కొడుకు.

డిటెక్టివ్ గారు మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి నడిచింది. గట్టు మీద కడిగి బోర్లించిన చిన్న కల్వం, దాని అంచున గులాబీ చార, పక్కన పిండేసిన నిమ్మచెక్క. మరిది కూడా అవన్నీ చూశాడు. చూసి ఊరుకున్నాడు. వాళ్ళిద్దరికీ తేడా అదే.

ఆమె అందరినీ మేష్టారి మంచం చుట్టూ కూర్చోబెట్టింది. రెండు గ్లాసుల్లో వెనిగర్ పోసి, షాపాయన తెచ్చిన మాత్రల్లో ఒకటి ఉన్నదున్నట్టుగా, ఒకటి నూరి వేసింది. అందరూ టీ తాగడం పూర్తయ్యేసరికి పొడి ఎప్పుడో చెదిరిపోయింది. నూరని మాత్ర మాత్రం చెక్కుచెదరలేదు.

“ఈ వెనిగర్ మన పొట్టలోని యాసిడ్ అనుకోండి. అన్ని మందుల సంగతీ కాదు గానీ, ఈ మందుకి అది పడదు. అందుకే ఈ పూత. పొట్టలో కరక్కుండా, పేగుల్లోకి చేరాక కరుగుతుంది. నూరితే ఆ కాపలా పోయినట్టే. దోషి మన కల్వమే.”

మేష్టారి భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆయనకి మింగడమంటే భయం. పెళ్ళయినప్పట్నుంచీ నూరి నిమ్మరసంలో కలిపి ఇస్తున్నాను. శిష్యులు నవ్వుతారని ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంత పనీ నేనే చేశానా?”

“ఒక్కటీ తప్పకుండా ఇచ్చారు కాబట్టే, ఇచ్చే తీరు మీద అనుమానం వచ్చింది పిన్నిగారూ. ఆ పుణ్యం మీదే.”

ఫోన్ చేస్తే, మందు రాసిన డాక్టరు ఆ మాత్రలే మళ్ళీ మొదట్నుంచి, నూరకుండా మింగించమన్నాడు. మేష్టారు మాత్రను పామును చూసినట్టు చూశారు. “గొంతులో అడ్డం పడితేనో?”

“అంతంత రాగాలు బయటికొచ్చిన గొంతులోంచి ఇంత చిన్న మాత్ర లోపలికి పోదా?” అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

మేష్టారు కళ్ళు గట్టిగా మూసుకుని గుటకేశారు. పోయింది. మరిది చప్పట్లు కొట్టేశాడు. కొడుకు జేబులోని కాయితాన్ని ముక్కలు చేశాడు.

మూడో రోజుకు జ్వరం జారింది. ఆ ఉదయం కొడుకు మందుల షాపు ముందు నిలబడి, వీధంతా వినేలా అన్నాడు: “మా నాన్నకి ఇంకో స్ట్రిప్పు ఇవ్వండి బాబాయ్. మీ దగ్గరవే కావాలి.”